మావాడికి కారు పడదు

మావాడికి కారు పడదని మా యింట్లో ఏకగ్రీవంగా తీర్మానమై రెండేళ్లు దాటింది. నెలకోసారి రాజమండ్రిలో బయలుదేరి కాకినాడ వెళ్తాం. ద్వారపూడి చేరేలోగా ఒకసారి, సామర్లకోట దగ్గర మరోసారి బండి ఆపవలసిందే. వెనక సీట్లో వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకుని, మొహం వేలవేసి, పాపం, వాడు పడే బాధ చూడలేం. మా ఆవిడ నిమ్మకాయ వాసన చూపించేది. కాకినాడలో దిగగానే మా అత్తగారు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేవారు. నేను కిటికీ అద్దం దించి, నా వంతు వైద్యం అయిపోయిందనుకునేవాణ్ణి.

“పెట్రోలు వాసన వస్తోందండీ” అని మా ఆవిడ అనకపోలేదు. “పెట్రోలు బండిలో పెట్రోలు వాసన రాక, సంపెంగ వాసన వస్తుందా?” అన్నాను నేను. ఆ మాటకి తగిన శాస్తి తరవాత జరిగింది.

ఒక శనివారం సాయంత్రం, మర్నాటి ప్రయాణానికని టాంకు నిండా పెట్రోలు పోయించి, బండి షెడ్డులో పెట్టి తలుపులు మూశాను. షెడ్డు పక్కనే తులసికోట. గంట గడిచాక మా ఆవిడ దీపం వెలిగించబోయి, అగ్గిపుల్ల చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయింది.

“ఇక్కడ కూడా ఆ వాసనే. వెలిగించమంటారా?” అంది.

నాకు ముచ్చెమటలు పోశాయి. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. పొగలా పైకి పోదు. నీళ్లలా నేలబారున పాకుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్లు కలిస్తే చాలు, నిప్పురవ్వకోసం కాచుకుని వుంటుంది. షెడ్డు తలుపులు బార్లా తెరిచి, ఇంజను స్టార్టు చెయ్యకుండా, పక్కింటి కుర్రాళ్ల సాయంతో బండిని రోడ్డుమీదికి తోయించాను. ఆ పూట తులసికోటకి దీపం లేదు.

అసలు టాంకులో ఆవిరి ఎక్కడికి పోవాలి? పూర్వం కార్లలో హాయిగా వీధిలోకే పోయేది. ఆ ఆవిరి వూరిమీద పొగమంచులా కమ్ముతోందని కాలిఫోర్నియావారు 1970లోనూ, మరుసటి యేడు తక్కిన అమెరికా అంతటా కట్టడి చేశారు. అప్పటినుంచి బొగ్గు డబ్బా వచ్చింది. బండి నిలిచివున్నప్పుడు ఆవిరి గొట్టంలోంచి వెళ్లి ఆ డబ్బాలోని బొగ్గుకి పట్టుకుంటుంది. ఇంజను నడిచేటప్పుడు ఒక చిన్న కవాటం తెరుచుకుని దాన్ని లోపలికి పీల్చి కాల్చేస్తుంది. అంటే బాగున్న బండిలో వాసన రాకూడదు! ఈ సంగతి నాకు నలభై రెండో యేట తెలిసింది.

డల్లాసులో వున్న మా బావమరిదికి ఫోనులో చెబితే, “డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలగలేదా బావా?” అన్నాడు. అక్కడ 1996నుంచి కార్లు తమ ఆవిరి గొట్టాలను తామే పరీక్షించుకుంటాయట. తరవాత్తరవాత అర మిల్లీమీటరు చిల్లు వున్నా పట్టేస్తున్నాయట. నా పదేళ్ల బండికి అంత విద్య లేదు. దానికి దీపమూ, మీటరూ అన్నీ మా ఆవిడ ముక్కే.

ఇక వైద్యం మొదలు. టాంకు మూతకి రబ్బరు వాచరు పోయి వుంటుందని ఒకాయన అంటే కొత్త మూత కొన్నాను. వాసన మానలేదు. ఒక వర్క్‌షాపులో బొగ్గు డబ్బా మార్చాలన్నారు. ఆ మాట బొత్తిగా అబద్ధం కాదు. బంకులో పంపు “టక్” మని ఆగాక కూడా, “ఇంకాస్త పోసి రౌండు చెయ్యవోయ్” అనే దురలవాటు నాకుంది. అలా పోస్తే ఆవిరి వెళ్లే దారిలో పెట్రోలే వెళ్లి బొగ్గుని పాడుచేస్తుంది. కాని వాళ్లు చెప్పిన ధర విని, లేచి వచ్చేశాను.

చివరికి మా వీధి చివర చెట్టుకింది ముసలి మేస్త్రి దగ్గరికి వెళ్లాను. అతను బండి ముట్టుకోలేదు.

“వాసన ఎప్పుడొత్తదండి?”

“అప్పుడప్పుడూ.”

“ఆయ్, అప్పుడప్పుడంటే ఎప్పుడండి? ఓ పదిహేను రోజులు రాసుకురండి బాబూ.”

పాలచీటీలా రాశాను. రాస్తూంటే నాకే సిగ్గేసింది. రోజూ ఆఫీసుకి వెళ్లేటప్పుడు అయిదు వందల పెట్రోలుతో తిరుగుతాను, వాసన లేదు. టాంకు నిండా పోయించేది కాకినాడ ప్రయాణానికే, వాసన అప్పుడే! సగం అయ్యేసరికి మాయం. పిల్లవాడికి ప్రయాణం పడకపోవడం కాదు, నిండు టాంకు పడటం లేదు.

మేస్త్రి ఆ కాగితం చూసి, ఏమీ మాట్లాడకుండా వెనక సీటు దిండు ఎత్తేశాడు. సరిగ్గా మావాడు కూర్చునే చోట! కింద రేకు మూత. దానికింద టాంకులోకి దిగిన పంపు. మూత తియ్యగానే వాసన గుప్పుమంది. పంపు చుట్టూ దుమ్ములో ఒక పక్కన మాత్రం తడి మరక. గుడ్డతో శుభ్రంగా తుడిచి, “బండి వూపండి” అన్నాడు. ఇద్దరం అటూ యిటూ వూపాం. అదే చోట మళ్లీ చెమ్మ.

రెండేళ్ల కిందట ఒకచోట ఆ పంపు మార్పించాను. అప్పుడు పాత రబ్బరు రింగునే తిరిగి బిగించారు. పెట్రోలులో నానిన రింగు ఉబ్బుతుంది. ఒకసారి తీశాక తన గాడిలో మళ్లీ సరిగా కూర్చోదు. రెండేళ్లు! మావాడి జబ్బుకీ సరిగ్గా అంతే వయసు.

నాలుగు రోజులు తిరిగి పెట్రోలు తగ్గించాక రమ్మన్నాడు. ఆరుబయట, బాటరీ తీగ విప్పి, బీడీ కట్ట నా చేతికిచ్చి దూరంగా నిలబడమన్నాడు. టాంకులో పడకుండా దుమ్మంతా ముందే తుడిచాడు. కొత్త రింగు వేలితో చుట్టూ తడిమి చూసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాడు. ఇది చూసి ఎవరూ స్వయంగా పూనుకోకండి. చూడటానికే అరగంట పని. రింగు ఖరీదు రెండు వందల ఎనభై రూపాయలు.

మరుసటి ఆదివారం టాంకు నిండా పోయించి, “టక్” మనగానే ఆపించి, బయలుదేరాం. ద్వారపూడి దాటింది. మావాడు కిటికీలోంచి పంటకాలవ చూస్తున్నాడు. సామర్లకోటలో బండి ఆపబోతే, “ఎందుకు నాన్నా? నాకాకలేస్తోంది, త్వరగా పోనీ” అన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. అద్దంలో నావైపు ఒక్కసారి చూసింది.

కాకినాడలో వాడు గంతులేస్తూ దిగడం చూసి మా అత్తగారి మొహం చేటంత అయింది.

“చూశారా, పోయిన నెల నేను తీసిన దిష్టి!” అన్నారు.