వెనక డీరైలర్: చెవి నుంచి క్లిక్కు దాకా

దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దెక్కితే రోడ్ బైకు గేర్ల చప్పుడు తొక్కేవాడికే వినపడదు. మెట్రో వంతెన కింద హారన్ల మోత దాన్ని మింగేస్తుంది. తెల్లారకముందే ఎల్బీనగర్ చౌరస్తా దాటి, విజయవాడ హైవే మీద హయత్‌నగర్ వైపు సాగేవాళ్లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. వెనక చక్రం దగ్గర టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. చిన్న పళ్లచక్రాల మీద చైను బాగానే నడుస్తుంది, పెద్దవాటికి మార్చగానే రొద. గేరు వైరు కాస్త బిగిస్తే పెద్దవి సర్దుకుంటాయి, చిన్నవి మొదలుపెడతాయి. ఇలా ఒక చివర బాగుచేస్తే రెండో చివర చెడుతోందంటే, వైరును వదిలేసి హ్యాంగర్‌ను అనుమానించాలి.

చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టేది డీరైలర్. దాన్ని ఫ్రేముకు వేలాడదీసే వేలెడంత అల్యూమినియం ముక్కే హ్యాంగర్. హ్యాంగర్‌ను కావాలనే మెత్తగా చేస్తారు. సైకిలు కుడివైపు పడితే ఖరీదైన ఫ్రేము, డీరైలర్ దెబ్బతినకుండా అది వంగాలని. పడటానికి రోడ్డు ప్రమాదమే జరగక్కర్లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోడకు ఆనించిన సైకిలును ఎవరో స్కూటీ తీసుకుంటూ పక్కకు నెట్టినా చాలు. ఒక డిగ్రీ వంకర కంటికి కనిపించదు, గేర్లకు మాత్రం తెలిసిపోతుంది.

అంత చిన్న వంకరకు ఇంత గొడవెందుకో తెలియాలంటే డీరైలర్ పుట్టుక దగ్గరికి వెళ్లాలి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఫ్రాన్స్‌లో పాల్ ద వివీ, వెలోసియో అనే కలంపేరుతో తన పత్రికలో గేర్ల సైకిళ్ల కోసం పోరు పెట్టాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం పెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కు ఆ గోల నచ్చలేదు. గేర్లు వయసు మళ్లినవాళ్లకే, పందెం కండబలంతోనే గెలవాలని ఆయన పట్టుదల. అందుకే పందెగాళ్లు కొండ మొదట్లో సైకిలు దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకునేవారు. రెండో పక్క ఇంకో పళ్లచక్రం ఉండేది మరి. 1937లో టూర్‌లో డీరైలర్ల మీద నిషేధం తొలగింది. ఆ ఏడాదే రోజే లాపెబీ డీరైలర్ సైకిలుతో టూర్ గెలిచాడు.

1950 ప్రాంతంలో ఇటలీలో కాంపాన్యోలో కంపెనీ ‘గ్రాన్ స్పోర్ట్’తో సమాంతర చతుర్భుజపు చట్రం స్థిరపడింది. ఇప్పటి డీరైలర్ ఎముకలగూడు అదే. 1964లో జపాన్ కంపెనీ సన్‌టూర్ ఆ చట్రాన్ని ఏటవాలుగా పెట్టింది. పెద్ద పళ్లచక్రం వైపు జరిగేకొద్దీ డీరైలర్‌లో చైనును నడిపించే చిన్న చక్రం, అంటే పుల్లీ, కిందికి కూడా దిగుతుంది, అందువల్ల పళ్లకూ పుల్లీకీ మధ్య ఎడం పెద్దగా మారదు. ఆ పేటెంట్ గడువు 1984లో తీరింది. షిమానో కంపెనీ ఆ ఏటవాలును అందుకుని, అదే కాలంలో డ్యూరా-ఏస్ గేర్లకు క్లిక్కు జోడించింది.

అసలు మార్పు అక్కడ జరిగింది. అంతకుముందు లీవరుకు మెట్లు లేవు. చైను గరగరమంటే తొక్కేవాడు వేలితో లీవరును వెంట్రుకవాసి జరిపేవాడు, హ్యాంగర్ కాస్త వంగినా ఆ వేలే కప్పిపుచ్చేది. క్లిక్కు వచ్చాక ఆ పని లోహం మీద పడింది. ఒక క్లిక్కుకు ఇంత వైరు, ఇంత జరుగుడు, అంతే. పైగా 8 గేర్ల క్యాసెట్‌లో, అంటే వెనక పళ్లచక్రాల కట్టలో, పళ్లచక్రాల మధ్య దూరం సుమారు 4.8 మిల్లీమీటర్లు, 11 గేర్లకు వచ్చేసరికి సుమారు 3.7. పై పుల్లీ హ్యాంగర్ బోల్టుకు అయిదారు సెంటీమీటర్లు దిగువన ఉంటుందనుకుంటే, ఒక డిగ్రీ వంకరకు అది దాదాపు మిల్లీమీటరు పక్కకు పోతుంది. ఆ తేడా అన్ని గేర్లకూ ఒకటే అయితే వైరుతో సరిపోయేది. కానీ ఏటవాలు చట్రంలో గేరు గేరుకూ పుల్లీ కిందికి దిగుతుంది, తేడా కూడా దాంతోపాటే మారుతుంది. రెండు చివరల పేచీ అదే. దెగ్రాంజ్ ఈ టిక్కుటిక్కు విని ఉంటే ఎంత సంతోషించేవాడో!

పరీక్షకు ముందు వెనక చక్రం ఫ్రేములో సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. పంక్చర్ వేశాక హడావిడిగా బిగించిన చక్రం కూడా ఇలాగే ఏడిపిస్తుంది. తర్వాత డీరైలర్ విప్పి, ఆ రంధ్రంలో హ్యాంగర్ గేజ్ బిగిస్తారు. గేజ్ చేతి కొసను రిమ్ము మీద వాల్వు దగ్గర ఆనించి, చక్రాన్నీ చేతినీ కలిపి తిప్పుతూ పైన, కింద, ముందు, వెనక ఎడం చూస్తారు. ప్రతిసారీ వాల్వు దగ్గరే కొలుస్తారు కాబట్టి రిమ్ము వంకర లెక్కలోకి రాదు. ఎడంలో తేడా నాలుగు మిల్లీమీటర్ల లోపుంటే చాలు. లేకపోతే ఆ చేతినే మీటగా చేసి కొద్దికొద్దిగా వంచుతారు. అల్యూమినియం అటూఇటూ వంచుడును ఎక్కువసార్లు ఓర్చుకోదు, పగుళ్లు పడుతుంది. అప్పుడు కొత్తది వేయడమే.

హ్యాంగర్ నిటారుగా ఉన్నాక మిగతాది తేలిక. చైను పెద్ద చక్రానికి ఎక్కడానికి బద్ధకిస్తే వైరు చివరి తిరుగుడు మరను అపసవ్యంగా పావు చుట్టు తిప్పాలి. దిగడానికి బద్ధకిస్తే చాలాసార్లు డీరైలర్ దగ్గర వైరు పోయే గొట్టంలో వానకు చేరిన మట్టే కారణం, గొట్టం, వైరు రెండూ మార్చాలి. స్టాండు మీద నిశ్శబ్దంగా ఉండి, ఎల్బీనగర్ అండర్‌పాస్ నుంచి బలంగా పైకి తొక్కుతుంటే మాత్రమే చైను పళ్ల మీద జారితే దాన్ని కొలవాలి. 11 గేర్ల చైను అర శాతం సాగిందంటే మార్చే సమయం వచ్చినట్టే.

2019లో శ్రామ్ కంపెనీ అన్ని ఫ్రేములకూ ఒకటే నమూనా హ్యాంగర్‌ను ముందుకు తెచ్చింది. 2023లో కొన్ని మౌంటెన్ బైకుల డీరైలర్లకు హ్యాంగరే లేకుండా చేసింది. మన రోడ్ల మీద తిరిగే చాలా రోడ్ బైకులకు మాత్రం ఇంకా ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం. దుకాణానికి వెళ్లేటప్పుడు పాత ముక్క విప్పి జేబులో వేసుకెళ్లడం మేలు.