ఆవుపాలు పడని బిడ్డకి గేదెపాలు పడతాయా?

నల్లపాడు నుంచి ఒక అమ్మ అడిగారు: "మూడు నెలల బాబుకి విరేచనంలో నెత్తురు జీర కనిపిస్తోంది. ఆవుపాల ప్రోటీన్ అలర్జీ కావచ్చన్నారు డాక్టరు గారు. మా ఇంట్లో అంతా గేదెపాలే కదా, మరి ఎలా వచ్చింది?"

పేరే మనల్ని తికమక పెడుతోందండి. ఆవుపాలలో ఉండే కేసిన్, వే ప్రోటీన్లను పోలినవే గేదెపాలలో, మేకపాలలో కూడా ఉంటాయి. అందుకే "మేకపాలు పట్టించు, తేలిగ్గా అరుగుతాయి" అనే సలహా ఇక్కడ పనిచేయదు. లాక్టోజ్ తీసేసిన పాలు కూడా అంతే, అందులో ప్రోటీన్ అలాగే ఉంటుంది.

తల్లిపాలు మాత్రం ఆపొద్దు. అమ్మ తిన్న పాల ప్రోటీన్ కొద్దిగా తన పాలలోకి వస్తుంది. అందుకని డాక్టరు గారికి చెప్పి, 2 నుంచి 4 వారాలు అమ్మే పాలు, పెరుగు, మజ్జిగ, పాలకోవా మానేసి చూడాలి. గోంగూర పచ్చట్లో వేసుకునే నెయ్యి కూడా! కాచినా అందులో కాస్త ప్రోటీన్ మిగలొచ్చు. బిస్కెట్ ప్యాకెట్ వెనక 'మిల్క్ సాలిడ్స్' అని ఉంటే పక్కన పెట్టేయండి. బాలింత పెరుగన్నం తినకపోతే ఎలా అని అత్తగారు బెంగపడతారు, అదీ న్యాయమే. రాగి సంకటి, నువ్వులు తినండి, కాల్షియం, విటమిన్ డి మాత్రల గురించి డాక్టరుని అడగండి. డబ్బాపాలు తప్పనిసరైతే మామూలువి కాదు, ప్రోటీన్‌ని బాగా ముక్కలు చేసిన హైడ్రొలైజ్డ్ ఫార్ములా రాయించుకోండి.

తగ్గాక అమ్మ మళ్ళీ పాలు తాగి చూడాలి. లక్షణాలు తిరిగొస్తేనే అలర్జీ అని ఖాయం. చాలామంది ఈ మెట్టు దాటేసి, అలర్జీ లేకపోయినా నెలల తరబడి పథ్యం చేస్తుంటారు.

పాలు తగలగానే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చిన బిడ్డకి మాత్రం ఇంట్లో ఈ పరీక్షలు వద్దు, ఆసుపత్రిలోనే. అలా ఎప్పుడు జరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి.