విరిగిన రెక్క

కార్వేటినగరం వీధుల్లో విమానం మోత వినబడితే చాలు, పిల్లలు బయటికి పరుగెత్తి తలలెత్తి చూస్తారు. ఎగరటమే గొప్ప అనుకొంటాము. అయితే పైలట్లను అడిగి చూడండి. క్షేమంగా దిగటమే కష్టమంటారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మన బేగంపేటలో యువకులు టైగర్ మాత్ అనే శిక్షణ విమానం మీద ఓనమాలు దిద్దుకొన్నారు. పైనొక రెక్క, క్రిందొక రెక్క. కొయ్య చట్రం మీద బిగించిన గుడ్డ. దానికి బ్రేకులు లేవు. ఇటువంటి పాత విమానాలకు ముందు రెండు చక్రాలుంటాయి, తోక నేలకు ఆనుకొని ఉంటుంది. ముక్కు పైకెత్తి ఉండుటచేత నేలమీద పైలట్‌కు ఎదుట దారి కనబడదు. బరువు చక్రాల వెనుక ఉండుటచేత, కొంచెం ప్రక్కకు మళ్లితే తోక ముందుకు తిరిగిపోవాలని చూస్తుంది. ఎద్దుబండిని వెనక్కి నెట్టిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

సువార్త సేవకు వెళ్లిన ఒక విమానానికి కూడ దిగేటప్పుడే ప్రమాదం జరిగింది. 1945లో అమెరికాలో కొందరు విశ్వాసులైన పైలట్లు కలిసి ఒక సహవాసం ఏర్పరచారు. అదే తరువాత మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అయింది. వారి మొదటి విమానం 1933లో తయారైన వేకో, అదీ జంట రెక్కలదే. యుద్ధకాలంలో సైన్యం కొరకు విమానాలు నడిపిన బెట్టీ గ్రీన్ అనే సహోదరి 1946లో దానిని మెక్సికోకు నడుపుకొని వెళ్లింది. అడవి జాతుల భాషల్లో బైబిలు తర్జుమా చేసేవారికి సహాయం చేయటమే ఆమె పని.

ఆమెను పెరూ దేశపు సేవకు పిలిచారు. ఆమె స్థానంలో వచ్చిన పైలట్ ఎల్ రియల్ అనే చోట, అడవిలోని చిన్న మైదానంలో దిగుతూ ప్రక్కనున్న చిన్న కట్టడానికి విమానాన్ని తగిలించాడు. బెట్టీ కూడ అందులోనే ఉన్నది. ప్రాణాలు దక్కాయి గాని రెక్కలు విరిగాయి. ఉన్నది ఒక్కటే విమానం! సేవ అక్కడితో ఆగిపోవలసినదేనా?

అప్పుడు నేట్ సెయింట్ అనే యువకుని అడిగారు. యుద్ధకాలంలో అతడు సైన్యంలో పైలట్ కావాలని ఎంతో ఆశపడ్డాడు. చిన్ననాటి ఎముక జబ్బు కాలిలో తిరగబెట్టగా ఆ ద్వారం మూయబడింది. మెకానిక్‌గా మాత్రం పనిచేశాడు. తాను ఆశించని ఆ పనే ఇప్పుడు అక్కరకు వచ్చింది. మెక్సికో వెళ్లి, నెలల తరబడి కొయ్య చెక్కి, గుడ్డ బిగించి, విరిగిన రెక్కలను బాగుచేశాడు. 1948లో ఈక్వడార్ అడవులలో తానే పైలట్‌గా సేవకు దిగాడు. 1956 జనవరి 8న అక్కడనే, సువార్త అందించబోయిన ప్రజల ఈటెలకు నలుగురు తోటి సేవకులతో కలిసి ప్రాణమర్పించాడు.

ప్రియ చదువరీ, మన సంఘములలోను కుటుంబములలోను దిగేటప్పుడు తడబడినవారున్నారు. పరీక్ష తప్పిన కుమారుడు, అప్పులపాలైన అన్న, మాట జారిన కోడలు. వారిని చూచి తప్పెవరిదని అడిగేవారు ఊరంతా ఉంటారు. పనిముట్ల సంచి పట్టుకొని వెళ్లేవారే తక్కువ. నీవు కోరిన స్థానం నీకు దొరకలేదని దుఃఖిస్తున్నావా? విరిగిన రెక్క ఒకటి నీ చేతుల కొరకు ఎక్కడో ఎదురుచూస్తూ ఉండవచ్చు.