తీగ ఆయనదైతే దారీ ఆయనదేనా?

మంగినపూడి వైపు రొయ్యల చెరువుల మీద ఇప్పుడు సీసీ కెమెరాలు. చిలకలపూడి రోల్డుగోల్డు బేరాలు వాట్సాప్ వీడియో కాల్‌లో. నెట్ మందగిస్తే మాత్రం అందరిదీ ఒకటే మాట: "కేబులాయనే తగ్గించేశాడు."

అపోహ: లైను ఆయనది, ఏ యాప్ ఆపాలో ఆయనిష్టం.

వాస్తవం: కాదు. నెట్ న్యూట్రాలిటీని కేంద్రం 2018లో లైసెన్సు షరతుల్లోకి తెచ్చింది. ఒక యాప్‌ను ఆపడం, కావాలని నెమ్మది చేయడం, ఇంకోదానికి ముందు దారి ఇవ్వడం కుదరదు. రద్దీ వేళ సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, అది తాత్కాలికంగా, దాచకుండా జరగాలి. రేట్లదీ అదే దారి. యాప్‌కో ధర పెడితే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల జరిమానా అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న తేల్చింది. కొన్ని సైట్లనే ఉచితంగా చూపించిన ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్ ఆ దెబ్బకే ఇక్కడ దుకాణం సర్దుకుంది.

అపోహ: లిమిట్ దాటాక స్పీడు తగ్గించడమూ చట్టవిరుద్ధమే.

వాస్తవం: ఇక్కడ నేను ఆపరేటరు పక్షం. ప్లాన్‌లో ముందే చెప్పి, ఏ యాప్ అని చూడకుండా మొత్తం వేగం తగ్గిస్తే తప్పులేదు. చెప్పకుండా తగ్గిస్తేనే చిక్కు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ వేగం 512 కేబీపీఎస్ కంటే దించవద్దని, డేటా 50, 90, 100 శాతం అయినప్పుడల్లా కబురు పెట్టాలని ట్రాయ్ 2016 అక్టోబరులో ఆదేశించింది. ఇరవయ్యో తారీకుకే చెరువు కెమెరాలో బొమ్మ బిగుసుకుపోయిందా? ముందు ఫోన్‌లో ఆ మెసేజులు వెతకండి. లేకపోతే ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోండి. తేలకపోతే నెట్ కంపెనీలోనే అప్పీలుంది. టెలికాం తగాదాలు వినియోగదారుల కోర్టుకు రావన్న వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. మన జిల్లా కమిషన్ బందరులోనే ఉంది.

అపోహ: పోలీసు స్టేషన్ నుంచి ఫోనొస్తే ఊరంతా నెట్ కట్టేయాల్సిందే.

వాస్తవం: 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో నెట్ ఆగడం చూశాం. కానీ నెట్ ఆపమనే ఉత్తర్వు మామూలుగా రాష్ట్ర హోం కార్యదర్శి నుంచి, కారణాలతో, కాగితం మీద రావాలి. 15 రోజులు మించకూడదు. దాన్ని బయటపెట్టాలని 2020లో అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు.

అపోహ: చందాదారు పైరసీ సినిమా దించితే ఆపరేటరుకు జైలే.

వాస్తవం: ఏం పోతోందో, ఎవరికి పోతోందో తాను నిర్ణయించకుండా దారి మాత్రమే ఇచ్చేవారికి ఐటీ చట్టం 79వ సెక్షన్ రక్షణ ఉంది. కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ ఉత్తర్వో అందాక కూడా కదలకపోతే ఆ రక్షణ పోతుంది. ఏ ఉత్తర్వూ లేకుండా భయపడి సైట్లు మూసేస్తే మాత్రం కంపెనీ మీదికి లైసెన్సు ఉల్లంఘన వస్తుంది.