వెలుగుతో కోత

కాల్చేస్తున్న లిగ్నిన్ నుంచి విలువైన రసాయనాలు రాబట్టేందుకు శాస్త్రవేత్తలు కాంతిని నమ్ముకుంటున్నారు. అడ్డుపడుతున్నది ఓ విషలోహం

అక్టోబర్ వచ్చిందంటే పంజాబ్, హర్యానా పొలాల్లో వరి కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు. ఆ పొగ ఢిల్లీ దాకా వస్తుంది. అలా బూడిదయ్యే గడ్డికి విలువ తెచ్చేందుకు ఇండియన్ ఆయిల్ సంస్థ 2022 ఆగస్టులో పానిపట్‌లో ఓ ప్లాంటు ప్రారంభించింది. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది లక్ష్యం. అయితే ఇథనాల్‌గా మారేది గడ్డిలోని చక్కెరలే. మొక్కకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ మిగిలిపోతుంది. ఇలాంటి ప్లాంట్లలోనైనా, కాగితం మిల్లుల్లోనైనా అది చివరికి చేరేది సాధారణంగా బాయిలర్‌లోకే.

అసలు నష్టం అక్కడే. ప్లాస్టిక్, రంగులు, మందుల తయారీకి కావలసిన బెంజీన్ వలయాల రసాయనాలు ఇప్పుడు ప్రధానంగా పెట్రోలియం నుంచి వస్తున్నాయి. మొక్కల్లో ఆ వలయాలు పుష్కలంగా ఉండేది లిగ్నిన్‌లో. నార్వే కంపెనీ బోరెగార్డ్ కలప లిగ్నిన్ నుంచి ఐస్‌క్రీమ్‌కు వాసననిచ్చే వెనిలిన్ తయారుచేసి అమ్ముతోంది కూడా. చిక్కల్లా లిగ్నిన్‌ను శుభ్రంగా విడగొట్టడంలోనే. అందుకు సాధారణంగా 200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో వేడి, అధిక పీడనం కావాలి.

ఆ పనిని మామూలు ఉష్ణోగ్రతలోనే కాంతితో చేయించాలన్నది కొత్త ప్రయత్నం. దీనికి పునాది జపాన్‌లో పడింది. టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్‌పై కాంతి పడితే నీరు విడిపోతుందని అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా 1972లో ప్రకటించారు. టొమోజి కవాయ్, తడయోషి సకాటా 1980లో చక్కెర, పిండిపదార్థం, సెల్యులోజ్‌ల నుంచి కాంతి ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ తీసి చూపారు. కానీ టైటానియం డయాక్సైడ్‌ను పనిచేయించేది అతినీలలోహిత కాంతి. ఎండలో దాని వాటా సుమారు 5 శాతమే.

కంటికి కనిపించే వెలుతురుతోనే లిగ్నిన్‌ను కోయొచ్చని 2018లో చైనాలోని షియామెన్ విశ్వవిద్యాలయ బృందం నిరూపించింది. వారు వాడింది కాడ్మియం సల్ఫైడ్ నానో రేణువులు. వెలుతురు పడగానే రేణువులోని ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, దాని చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ లిగ్నిన్ నుంచి ఓ హైడ్రోజన్‌ను లాగి బంధాన్ని బలహీనపరుస్తుంది, ఎలక్ట్రాన్ దాన్ని తెంచుతుంది. బర్చ్ కలప పొడితో జరిపిన ఈ ప్రయోగంలో మిగిలిన సెల్యులోజ్ కూడా చెడలేదు. దాని నుంచి చక్కెరలు తీయగలిగారు.

అయితే కాడ్మియం విషం. మూత్రపిండాలను, ఎముకలను దెబ్బతీస్తుంది. దాన్ని చుక్క కూడా బయటికి పోనివ్వకుండా వెనక్కి తీయాలి, లేదా హానిలేని పదార్థం వెతకాలి. ముదురు గోధుమరంగు లిగ్నిన్ ద్రావణంలోకి వెలుతురు లోతుగా దిగదు కాబట్టి పెద్ద ట్యాంకుల్లో ఈ పని సాగదు. ఒకదానితో ఒకటి కలిసిపోయి వచ్చే రసాయనాలను వేరుచేయడం మరో ఖర్చు.

ఈలోగా పంట కోసిన రైతుకు గోధుమ విత్తడానికి మిగిలేది కొద్ది వారాలే. అగ్గిపెట్టె ఖరీదు 2 రూపాయలు. ప్రయోగశాల పోటీపడాల్సింది దానితోనే.