కొవ్వును జూచు అయస్కాంతము

బక్కపలుచని యిల్లాలికి మధుమేహమనిన మా గోస్పాడులో నెవ్వరును నమ్మరు. "ఎముకల గూడునకు చక్కెరజబ్బా?" యని నవ్వుదురు. మేమును నవ్వినవారమే.

2004లో పూనా వైద్యులు యాజ్ఞికుగారును, ఆంగ్ల వైద్యులు యుడ్కిన్‌గారును తమ దేహములనే పోల్చి లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఎత్తునుబట్టి చూచు బరువు సూచిక యిరువురకును 22.3. కొవ్వు మాత్రము దొరగారికి నూటికి 9.1 పాళ్లు, మనవారికి 21.2!

ఆ కొవ్వెక్కడ దాగెనో త్రాసు చెప్పలేదు. ఎమ్మారై యంత్రము చెప్పును. దానిలో ఎక్స్‌కిరణములు లేవు. గొప్ప అయస్కాంతము నడుమ నీటిలోని హైడ్రోజను ఒక శ్రుతిలోను, కొవ్వులోనిది రవంత తగ్గుశ్రుతిలోను పలుకును. ఈ భేదముచే రెంటిని వేఱుపఱచి చిత్రించు మార్గమును 1984లో డిక్సన్ పండితుడు చూపెను. కాలేయమున జేరిన కొవ్వును, ప్రేగులచుట్టు పేరుకొన్నదియు నిట్లు బయటపడును.

కొవ్వుకణము లుబ్బిన కొలది మధుమేహభయ మెక్కువ. కాని పెద్దకణమైనను మిల్లీమీటరులో పదియవవంతు. చిత్రమున విడిగా గానరాదు. అందుచే పరిశోధకులు కణములోని కొవ్వు అణువు లెంతదూరము కదలునో కొలిచి, దాని పరిమాణము నూహింతురు. చేప యీదు దూరమునుబట్టి కుండకొలత చెప్పుట వంటిది. ఇది యింకను ప్రయోగశాలల పనియే.

పరీక్షకు ముందు మంగళసూత్రము, మెట్టెలు తీయుడందురు. నొచ్చుకొనవలదు, పసుపుకొమ్ము కట్టిన నూలుదారమును అయస్కాంత మేమియు జేయదు.

అందఱకు నీ యంత్ర మక్కఱలేదు. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటిన స్త్రీ, సన్ననిదైనను, నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. నిన్న దర్జీ టేపుతో మేము కొలుచుకొంటిమి. 84 వచ్చినది.