స్పాక్ ఎందుకు ఏడ్చాడు? గ్రహాంతరవాసుల కథల్లో మన ఇంటి సంగతులు

ఆదివారం పొద్దున ఇండియాకు వీడియో కాల్ చేస్తాం. "ఎలా ఉన్నార్రా?" అని అమ్మ అడుగుతుంది. "బాగున్నాం" అంటాం. ఉద్యోగం పోయి మూడు వారాలైనా అదే మాట, రాత్రుళ్ళు నిద్ర పట్టకపోయినా అదే మాట. అటువైపు వాళ్ళూ అంతే. నాన్న నెల రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదన్న సంగతి మనకు ఆర్నెల్ల తర్వాత తెలుస్తుంది.

మానసిక ఆరోగ్యం అన్న మాటతో మొదలుపెడితే మన ఇళ్ళలో చాలాసార్లు సంభాషణ అక్కడే ఆగిపోతుంది. "మాకేమైనా పిచ్చా?" అనేస్తారు. అందుకే ఈసారి దారి మార్చి, పిల్లలతో కలిసి సోఫాలో కూర్చుని చూడగలిగే ఒక సీరియల్ గురించి మాట్లాడుకుందాం. 1966లో అమెరికాలో మొదలైన 'స్టార్ ట్రెక్'లో రకరకాల గ్రహాల వాళ్ళు కనిపిస్తారు. చెవులు, నుదుళ్ళు వేరుగా ఉన్నా వాళ్ళ బాధలు మాత్రం మనకు బాగా తెలిసినవే.

అణచుకున్న బాధ ఎక్కడికి పోతుంది?

వల్కన్ గ్రహవాసులు ముఖంలో ఏ భావమూ కనిపించనివ్వరు. చాలామంది వాళ్ళకు మనసే లేదనుకుంటారు. నిజానికి కథలో వాళ్ళ ఆవేశాలు మనుషుల కంటే చాలా తీవ్రమైనవి. వాటి వల్లే ఒకప్పుడు యుద్ధాలతో నాశనం అంచుదాకా వెళ్ళి, తర్వాత తర్కాన్ని ఆశ్రయించి అదుపు నేర్చుకున్నారు.

తండ్రి వల్కన్, తల్లి భూలోకపు మనిషి అయిన స్పాక్ కూడా అలాగే పెరిగాడు. 1966లోనే వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఓడలో వింత వ్యాధి ఒకటి వ్యాపించి అందరి మనసుల కట్లూ తెగిపోతాయి. అప్పుడు స్పాక్ గదిలో ఒంటరిగా కూర్చుని ఏడుస్తాడు. అమ్మంటే ఎంత ప్రేమో ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేకపోయానన్నదే అతని బాధ. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అని విని పెరిగిన మనలో ఎంతమందికి ఆ సన్నివేశం గుచ్చుకోదు?

స్పాక్ తండ్రి సారెక్ కథ 1990లో వచ్చింది. జీవితమంతా నిగ్రహంతో బతికిన ఆ పెద్దాయనకు ముసలితనంలో ఒక జబ్బు వచ్చి అదుపు తప్పుతుంది. ఆయన ఒప్పుకోడు, చుట్టూ ఉన్నవాళ్ళు దాచిపెడతారు. కానీ ఆయన మనసులోని అలజడి తెలియకుండానే ఓడలో ఉన్నవాళ్ళకు పాకి, కారణం లేకుండా ఒకరితో ఒకరు గొడవపడతారు. ఇది మన ఇళ్ళలో జరగనిదా? లేఆఫ్ భయం నాన్నది, కసురుకునేది పిల్లాడి మీద, అలిగి తలుపు వేసుకునేది అమ్మ.

చివరికి కెప్టెన్ పికార్డ్ తన మనసును సారెక్ మనసుతో కలిపి, కొన్ని గంటలపాటు ఆయన భారం తాను మోస్తాడు. ఆ భారానికి పికార్డ్ కుమిలిపోతుంటే డాక్టర్ అతని పక్కనే కూర్చుంటుంది. ఇంట్లో ఒకరి బాధ మోస్తున్నవాళ్ళకీ ఒక తోడు కావాలి. ఆ సంగతి మనం తరచూ మరిచిపోతాం.

అటూ ఇటూ కాని పిల్లలు

స్పాక్ చిన్నప్పుడు తోటి వల్కన్ పిల్లలు అతన్ని సగం మనిషివని ఏడిపించేవారు. భూలోకం వాళ్ళకేమో అతను వింత జీవి. ఇండియాకు వెళ్తే "అమెరికా పిల్ల", ఇక్కడి బడిలో "ఇండియన్ పిల్ల" అనిపించుకునే మన పిల్లలకు ఆ త్రిశంకు స్వర్గం కొత్తేమీ కాదు.

స్పాక్ వేషం వేసిన లెనార్డ్ నిమోయ్ కూడా వలస వచ్చిన కుటుంబంవాడే. తల్లిదండ్రులు ఉక్రెయిన్ ప్రాంతం నుంచి వచ్చిన యూదులు. 1968లో నల్లజాతి, తెల్లజాతి తల్లిదండ్రులకు పుట్టిన ఒక అమ్మాయి, తనను ఎవరూ కలుపుకోవడం లేదని స్పాక్ పేరిట ఒక పత్రికకు ఉత్తరం రాసింది. నిమోయ్ తీరిగ్గా, వివరంగా జవాబు రాశాడు. అందరికీ నచ్చాలన్న తాపత్రయంకంటే తన విలువ తాను తెలుసుకోవడం ముఖ్యమని స్పాక్ కథనే ఆమెకు చెప్పాడు.

ఆ అమ్మాయికి దొరికింది వినే మనిషి. మన పిల్లలకూ కావలసింది అదే. బడి నుంచి రాగానే "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే బదులు "ఈరోజు లంచ్ ఎవరితో కూర్చుని తిన్నావు?" అని అడిగి చూడండి. "ఎవరితోనూ కాదు" అన్న జవాబే రోజూ వస్తుంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

మాటలు అర్థమైనా మనసు అర్థం కాకపోతే

1991లో వచ్చిన 'డార్మాక్' అనే ఎపిసోడ్‌లో టమేరియన్లు అనే జాతి ఉంటుంది. వాళ్ళ మాటలను యంత్రం అనువదిస్తుంది కానీ అర్థం మాత్రం తెలియదు. వాళ్ళు ఏం చెప్పినా తమ పురాణ కథల పేర్లతోనే చెబుతారు. ఆ కథలు తెలియనివాళ్ళకు అదంతా అయోమయం.

మనమూ టమేరియన్లమే. "కుంభకర్ణుడి నిద్ర", "భగీరథ ప్రయత్నం" అంటే డల్లాస్‌లో పుట్టిన మనవడికి ఏం తెలుస్తుంది? వాడు "యాంగ్జైటీగా ఉంది" అంటే నాయనమ్మకు ఏం తెలుస్తుంది? మన పెద్దవాళ్ళు డిప్రెషన్ అన్న మాట వాడరు. "గుండె దడగా ఉంది", "ఒంట్లో సత్తువ లేదు", "అన్నం సయించడం లేదు" అంటారు. పరీక్షలన్నీ బాగానే ఉన్నా ఆ మాటలు ఆగకపోతే మనసు సంగతి కూడా డాక్టర్‌కు చెప్పాలి. ముఖ్యంగా ఆర్నెల్లకు ఇక్కడికొచ్చి, కారు నడపలేక, పలకరించే ఇరుగుపొరుగు లేక నాలుగు గోడల మధ్య ఉండే తల్లిదండ్రుల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి.

కౌన్సిలర్ కుర్చీ

1987లో మొదలైన 'స్టార్ ట్రెక్' సీరియల్‌లో మనసు సంగతులు చూసే కౌన్సిలర్ ట్రాయ్ కుర్చీ ఎక్కడుంటుందో తెలుసా? ఓడ నడిపే గదిలో, కెప్టెన్ పక్కనే. ఆమె దగ్గరికి వెళ్ళడానికి ఎవరూ మొహం చాటేసుకోరు.

మన జీవితాల్లోనూ ఆ కుర్చీకి చోటుంది. దిగులు, నిద్రలేమి, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం రెండు వారాలకు మించి ఉంటే ఫ్యామిలీ డాక్టర్‌తో మొదలుపెట్టవచ్చు. అమెరికాలో చాలా కంపెనీలు ఉద్యోగులకు కొన్ని కౌన్సిలింగ్ సెషన్లు ఉచితంగా ఇస్తాయి. హెచ్‌ఆర్ పేజీలో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం కోసం వెతకండి. పిల్లలకు స్కూల్ కౌన్సిలర్, కాలేజీలో కౌన్సిలింగ్ సెంటర్ ఉంటాయి.

ఎవరైనా "నేను లేకపోతేనే నయం" లాంటి మాట అంటే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అమెరికాలో 988కి ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. బ్రిటన్‌లో 116 123, ఇండియాలో ఉన్నవాళ్ళకు టెలీ మానస్ 14416. ప్రాణాపాయం అనిపిస్తే మీరున్న దేశపు ఎమర్జెన్సీ నంబర్‌కు వెంటనే ఫోన్ చేసి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

కోలుకోవడానికి టైం పడుతుంది. 1998లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో యుద్ధంలో కాలు పోగొట్టుకున్న నాగ్ అనే ఫెరెంగీ కుర్రాడికి డాక్టర్లు కొత్త కాలు పెడతారు. కాలు బాగానే ఉన్నా అతను కుంటుతూనే ఉంటాడు, చావు భయం పోదు. ఒక స్నేహితుడు అతన్ని కొన్నాళ్ళు తన దగ్గర ఉండనిచ్చి, చిన్న చిన్న పనులు అప్పజెప్పి, సమయం వచ్చాక మళ్ళీ లోకంలోకి పంపిస్తాడు. చివర్లో నాగ్ తాను పూర్తిగా బాగుపడలేదనే చెబుతాడు. అయినా డ్యూటీలో చేరతాడు.

వచ్చే ఆదివారం కాల్‌లో "బాగున్నాం" అన్న తర్వాత ఒక నిమిషం ఆగండి. "ఈ వారం కొంచెం కష్టంగా గడిచిందమ్మా" అని మీరే ముందు చెప్పండి. అటువైపు నుంచి కూడా అసలు మాట అప్పుడు రావచ్చు.